అంగడి వీధి - పాదచారి

కోస్తా జిల్లాలలో కొట్టు అనీ, తెలంగాణలో దుకాణమనీ వ్యవహరించే దానిని రాయలసీమ వాసులు అంగడి అంటారు. అంగళ్ళు వరుసగా తీరిన దారి అంగడి వీధి. వీధి లేనిదే అంగడికి శోభ లేదు. నడిచే మనిషి లేనిదే వీధికి ప్రాణం లేదు. ఈ మూడింటి అనుబంధం మన సాహిత్యంలోనూ, మన ఊళ్ళ నిర్మాణంలోనూ శతాబ్దాలుగా కనిపిస్తున్నది. నగరాలలో మాల్‌లు వెలసిన తరువాత ఆ అనుబంధం కొత్త మలుపు తిరిగింది. ఎండకూ వాహనాలకూ వెరవకుండా మనిషి నడవగల చోటు నాలుగు గోడల నడుమనే ఉండాలా? ఊరి నడిబొడ్డున ఉండరాదా? నేడు మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

మన ప్రబంధ కవులు అష్టాదశ వర్ణనలలో పురవర్ణనకు సముచిత స్థానమిచ్చారు. అయితే పురాన్ని దూరం నుండి వర్ణించడం వేరు, అందులో నడుస్తూ చూపించడం వేరు. వినుకొండ వల్లభరాయని కృతిగా ప్రసిద్ధమైన 'క్రీడాభిరామము' రెండవ కోవకు చెందినది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు కాకతీయుల ఓరుగల్లులో ఒక దినమంతా వీధుల వెంట తిరుగుతారు. పూటకూళ్ళ ఇల్లు, కోడిపందెం, పల్నాటి వీరగాథల గానం - ఒక్కొక్కటీ వారికి దారిలోనే తారసపడతాయి. ఆ రచన దశరూపకాలలో 'వీథి' అనే భేదానికి చెందడం కూడా గమనింపదగినదే. నడిచే వానికి మాత్రమే నగరం తనను తాను విప్పి చూపుతుందన్న సత్యం అందులో అడుగడుగునా ద్యోతకమవుతుంది.

దక్షిణ రాయలసీమలోని ఆలయ పట్టణాలు ఈ సత్యాన్ని రాతిలో నిలిపాయి. తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న మాడవీధులను చూడండి. ఉత్సవమూర్తుల ఊరేగింపు సాగడానికి, భక్తులు ప్రదక్షిణంగా నడవడానికి ఏర్పడిన వీధులవి. దేవుని కోసం ఏర్పడిన ఆ వీధులు క్రమంగా వర్తకానికీ ఆశ్రయమిచ్చాయి. పూలు, పసుపు కుంకుమలు, పాత్రలు, వస్త్రాలు అమ్మేవారు ఆ బాటల కిరువైపులా స్థిరపడ్డారు. దర్శనానికి వచ్చినవాడు కొనుగోలుదారుడయ్యాడు; కొనడానికి వచ్చినవాడు దర్శనం చేసుకొని వెళ్ళాడు. ఒకే నడకలో అనేక పనులు నెరవేరడమే ఈ వీధుల విశిష్టత.

పుత్తూరుకు సమీపాన ఉన్న కార్వేటినగరం ఒకప్పుడు సంస్థాన కేంద్రం. వేణుగోపాలస్వామి ఆలయం, రాతిమెట్లతో తీర్చిన స్కంద పుష్కరిణి ఆ ఊరికి నేటికీ ఆభరణాలు. ఆ స్వామిపై శృంగార పదాలు రచించిన సారంగపాణి ఆ సంస్థానపు పదకర్త. జనుల నోట నలిగే పలుకుబడులకు ఆయన పదాలు పెట్టింది పేరు. అటువంటి సజీవమైన పలుకుబడి, నలుగురూ కాలినడకన కలుసుకొని, నిలిచి మాట్లాడుకొనే చోటనే పెంపొందుతుంది. గుడి, కోనేరు, అంగడి, ఇల్లు ఒకదాని కొకటి నడక దూరంలో ఉండడం మన పూర్వికులు ఏర్పరచిన పద్ధతి.

ఇక మాల్ పుట్టుకను పరిశీలిద్దాం. దాని రూపశిల్పిగా పేరుపొందిన విక్టర్ గ్రూయెన్ 1903లో వియన్నా నగరంలో జన్మించాడు. నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిన 1938లో ఆయన అమెరికాకు వలస వెళ్ళాడు. అక్కడి శివార్లలో ప్రతి పనికీ కారెక్కవలసి రావడం, దారిలో మనిషికి మనిషి ఎదురుపడకపోవడం ఆయనను కలచివేసింది. వియన్నా వీధులలోని సందడిని ఒక పైకప్పు కింద పునఃసృష్టించాలని ఆయన తలపెట్టాడు. ఆ తలపు ఫలితంగా 1956లో మిన్నెసోటా రాష్ట్రంలోని ఎడైనాలో 'సౌత్‌డేల్' ప్రారంభమైంది. పూర్తిగా కప్పివేసి, లోపలి ఉష్ణోగ్రతను నియంత్రించిన తొలి అమెరికన్ మాల్ అదే. దాని చుట్టూ ఇళ్ళు, పాఠశాలలు, ఉద్యానవనం ఉండాలని ఆయన ఆశించాడు. కాని చుట్టూ వెలసినది కార్లు నిలిపే విశాలమైన మైదానం! ఇతరులు ఆ నమూనాను అనుకరించిన తీరు చూసి ఆయన మనసు విరిగింది. తన సంతానంగా లోకం చెప్పుకొనే ఆ కట్టడాలకు తాను బాధ్యుణ్ణి కానని 1978లో లండన్ ప్రసంగంలో స్పష్టం చేశాడు. నడక కోసం పుట్టిన కట్టడం నడకకే దూరమైపోవడం చరిత్రలోని వైచిత్రి.

అంత మాత్రాన మాల్‌ను నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. మండు వేసవిలో చల్లదనం, పరిశుభ్రమైన మరుగుదొడ్లు, వృద్ధులకు లిఫ్టులు, చక్రాల కుర్చీకి అనువైన నేల, పసిబిడ్డను వాహన భయం లేకుండా నడిపించే వీలు అక్కడ లభిస్తాయి. పొద్దు గుంకిన తరువాత కూడా స్త్రీలు నిశ్చింతగా తిరగగల వెలుగు ఉంటుంది. మన అంగడి వీధులలో ఇవి కొరవడినందువల్లనే జనం అటు మొగ్గుతున్నారు. అయితే మాల్ ఒకరి సొంత ఆస్తి. దాని ద్వారం వద్ద కావలివాడుంటాడు; ఎవరు లోపలికి రావాలో, ఎంతసేపు కూర్చోవాలో యజమాని నిర్ణయిస్తాడు. వీధి ఎవరి సొత్తూ కాదు గనుక అందరి సొత్తు. జేబులో పైసా లేనివానికి కూడా అక్కడ నడిచే హక్కు ఉన్నది.

పైకప్పు తొలగించినంత మాత్రాన మాల్ వీధి అయిపోదు. పాత వీధులను అనుకరిస్తూ ఆరుబయలు వాణిజ్య ప్రాంగణాలు అమెరికాలో అనేకం వెలిశాయి. వాటిలో చెట్లున్నాయి, బల్లలున్నాయి, కాలిబాటలున్నాయి. కాని వాటిలో చాలావాటిని చేరడానికి కారు కావాలి. ప్రాంగణంలో నడక, ప్రాంగణం దాకా ప్రయాణం! ఇంటినుండి అంగడి దాకా తెగని బాట ఉన్నప్పుడే అది నిజమైన పాదచారి విపణి అవుతుంది.

అటువంటి బాటకు లక్షణాలేమిటి? నగర వీధులను అధ్యయనం చేసిన డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్, నూరు మీటర్ల నడకలో పదిహేను ఇరవై అంగళ్ళు ఎదురైతే వీధి కళకళలాడుతుందంటాడు. పొడవైన ఖాళీ గోడ పక్కన నడక విసుగు పుట్టిస్తుంది. ద్వారాలు తరచుగా ఎదురైతే దూరం తెలియదు. భారత రోడ్ల కాంగ్రెస్ 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కాలిబాటపై అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదు. ఎత్తు మించితే వృద్ధులు ఎక్కలేరు. ఎక్కలేనివారు రోడ్డు మీదికి దిగుతారు. అక్కడ ప్రమాదం పొంచి ఉంటుంది.

మనవారికి నడక ఇష్టం లేదని కొందరంటారు. అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు ఎక్కి వెళ్ళే భక్తజనం ఆ మాటకు సమాధానం. భక్తి వారిని నడిపిస్తున్నమాట నిజమే. అయినా ఆ దారిలో ఎండవానలకు పైకప్పు, తాగునీరు, కూర్చునే చోటు ఉండడం వల్లనే పిల్లలూ పెద్దలూ ఆ నడకకు సాహసిస్తున్నారు. ఆ సదుపాయాలలో సగమైనా అంగడి వీధిలో కల్పిస్తే నడిచేవారికి కొదవ ఉండదు.

ఇది ఊహ కాదు, అనుభవం. కోపెన్‌హాగెన్‌లోని స్ట్రోయెట్ వీధిలో 1962లో కార్లను నిషేధించినప్పుడు బేరాలు పడిపోతాయని వర్తకులు భయపడ్డారు. వారి భయం నిజం కాలేదు. ఆ వీధి యూరప్‌లోని ప్రసిద్ధ పాదచారి విపణులలో ఒకటిగా నిలిచింది. పెళ్ళి చీరల కోసం చిత్తూరు జిల్లావాసులు వెళ్ళే చెన్నై త్యాగరాయనగరంలోనూ ఇటువంటి మార్పు జరిగింది. తెలుగువాడైన పిట్టి త్యాగరాయచెట్టి పేరు మీద వెలసిన ఆ పేటలోని పాండీ బజారులో 2019లో కాలిబాటలను విస్తరించి, వాహనాల దారిని కుదించారు. నడిచేవారికి, కూర్చునేవారికి అక్కడ చోటు దొరికింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వీధిని సుందరంగా తీర్చడమంటే బుట్టలో పూలమ్మే అవ్వను, తోపుడు బండి మీద పండ్లమ్మే అన్నను వెళ్ళగొట్టడం కాదు. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడడానికి 2014లో పార్లమెంటు చట్టం చేసింది. పట్టణ విక్రయ సంఘాలలో కనీసం 40 శాతం స్థానాలు ఆ వ్యాపారుల ప్రతినిధులకే చెందాలని ఆ చట్టం నిర్దేశించింది. నడిచేవానికి బాట, అమ్ముకొనేవానికి చోటు - ఈ రెండింటినీ ముందుగా కొలిచి గుర్తించిన వీధిలో ఒకరికొకరు అడ్డు కారు.

కార్వేటినగరం వంటి ఊళ్ళు ఈ విషయంలో అదృష్టవంతమైనవి. నగరాలు కోట్లు వెచ్చించి తిరిగి కట్టుకొంటున్న నడక దూరపు జీవితం వాటికి వారసత్వంగానే లభించింది. దానిని పోగొట్టుకోవడం మాత్రం తేలిక. వీధి పక్కని చెట్టు కొట్టివేసినప్పుడు, కాలిబాటపై మోటారు సైకిలు నిలిపినప్పుడు, అంగడి మెట్లు బాట మీదికి జరిగినప్పుడు ఆ వారసత్వం అంగుళం అంగుళంగా తరిగిపోతుంది. ఒక చెట్టు నీడ, ఒక అరుగు, ఒక మంచినీటి కుండ, తెగని బాట - ఇవి పెద్ద పెట్టుబడులు కావు. ఎవరి సాయమూ లేకుండా ఒక ముసలమ్మ తన ఇంటినుండి అంగడికి వెళ్ళి, కావలసినది కొనుక్కొని, నలుగురినీ పలుకరించి, క్షేమంగా తిరిగి రాగలగాలి. ఊరి అభివృద్ధికి అంతకు మించిన కొలమానం లేదు.