మార్కులు అడగని మనిషి ఒకరు కావాలి

2022 జులై. భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటేసింది. శబరి నీళ్లు కలవడానికి దారి లేక వెనక్కి ఎగదన్నాయి. మా చింతూరులో ఇళ్లు మునిగాయి. నేను హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నా. రెండో రోజుకి గానీ లైన్ కలవలేదు.

మా చిన్నాన్న కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. పుస్తకాలన్నీ నీళ్లపాలయ్యాయి. నీళ్లు తీశాక కూడా రాత్రి వాన చప్పుడైతే చాలు, లేచి కూర్చునేదట. ఇంట్లో అందరూ ‘ఏం కాదులే, చదువు మీద దృష్టి పెట్టు’ అన్నారు. నానమ్మ ఒక్కతే పక్కన పడుకుని వేరే మాట చెప్పింది. ‘86లో ఇంతకన్నా పెద్దదొచ్చింది. మీ నాన్న అప్పటికి నీకంటే చిన్నోడు. నాకూ భయమేసింది. నీళ్లు పోయాయి, మళ్లీ పొయ్యి వెలిగించుకున్నాం.’ ఆ రాత్రి పిల్ల నిద్రపోయింది.

నానమ్మ చెప్పింది ఓదార్పు కబురు కాదు. 1986లో భద్రాచలం దగ్గర వరద 75 అడుగులు దాటింది. అది చూసి, దాటి వచ్చిన మనిషి ఆ మాట చెప్పడంలోనే ఉంది బలమంతా.

ఎందుకు పనిచేస్తుంది?

10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ వయసులో తాతమ్మల తోడు ఏం చేస్తుందో ఇంగ్లండ్, వేల్స్‌లో 11-16 ఏళ్ల పిల్లలు పదిహేను వందల మందికి పైగా తీసుకుని పరిశీలించారు. 2009లో ఫలితాలు వచ్చాయి. తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు తమ జీవితంలో చురుగ్గా పాలుపంచుకునే పిల్లల్లో మానసిక ఇబ్బందులు తక్కువగా కనిపించాయి. తల్లిదండ్రులు విడిపోయిన ఇళ్లలో ఈ తేడా మరింత స్పష్టంగా ఉంది.

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని దశాబ్దాల పాటు గమనించిన ఎమ్మీ వెర్నర్ బృందానిదీ ఇదే మాట. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగినా నిలదొక్కుకున్న పిల్లలకి, నమ్మకంగా అండగా నిలిచిన పెద్దమనిషి కనీసం ఒకరు ఉన్నారు. చాలాసార్లు అది అమ్మమ్మో తాతయ్యో.

కారణం పెద్ద రహస్యమేం కాదు. అమ్మానాన్నలకి మన ఫీజు గుర్తుంటుంది, ర్యాంకు గుర్తుంటుంది. నానమ్మ ముందు ‘తిన్నావా?’ అంటుంది. పరీక్ష పెట్టని చోటే పిల్లలు నోరు విప్పుతారు.

హాస్టల్ గోడ అడ్డం

మన్యంలో చాలామంది పిల్లలు చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలలకి వెళ్లిపోతారు. బడిలో తెలుగు, ఇంట్లో కోయ భాష. దిగులుని చెప్పుకోవడానికి వచ్చిన భాషలో వినే మనిషి ఊళ్లో ఉండిపోతుంది. వేసవిలో తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి వెంట తీసుకెళ్లే నానమ్మతో ఆ పిల్లలు ఏడాదిలో గడిపేది కొన్ని వారాలే. ఆ బంధం తెగకుండా చూసుకోవడం పెద్దల పని.

ఇలా చేసి చూడండి

* హాస్టల్‌కి ఫోన్ చేసేటప్పుడు వారానికి ఒక్కసారైనా ఫోన్ నానమ్మ చేతికివ్వండి. మార్కుల ప్రస్తావన తేవొద్దని ముందే చెప్పండి.
* పెద్దలూ, ‘మా రోజుల్లో ఇవన్నీ లేవు’ అనొద్దు. మీరు భయపడిన రోజు గురించి చెప్పండి. పక్కింటి పిల్లతో పోల్చారంటే మీ దగ్గరా నోరు మూసుకుంటారు.
* సెలవులకొచ్చిన పిల్లల్ని ట్యూషన్‌లో కాకుండా తాతతో పొలానికో, సంతకో పంపండి.

ఒక జాగ్రత్త. నానమ్మ వైద్యురాలు కాదు. వారాల తరబడి నిద్ర, తిండి తగ్గినా, అందరికీ దూరంగా ఉంటున్నా, ‘చచ్చిపోవాలనుంది’ అన్నా ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లలు ఆ మాట ముందు నానమ్మకే చెప్పొచ్చు. కాబట్టి ఆ నంబరు ఆమెకీ తెలిసుండాలి.

మా చెల్లి ఇప్పుడు కాలేజీ హాస్టల్‌లో ఉంటోంది. పరీక్ష ముందు రాత్రి నానమ్మకి ఫోన్ చేస్తుంది. ఏ సబ్జెక్టో ఆవిడకి తెలీదు. అడగదు కూడా. ‘అక్కడ వాన పడుతోందా?’ అంటుంది. అంతే, ఇద్దరూ పడుకుంటారు.