కర్నూలు బూడిద, జిబ్రాల్టర్ బొగ్గు

కవాడిగూడ, అశోక్‌నగర్ల రూములు దీస్కొని గ్రూప్స్‌కు చదివే మన పల్లె పోరగాండ్లను అడుగుండ్రి, కర్నూలు గుహలల్ల ఏం దొరికిందని. "బూడిద అన్నా, అప్పటోళ్లకు నిప్పు ఎరుకే" అని టక్కున జెప్తరు. బిట్టు అక్కడికే అయిపోతది. గంత పాతదాని వయసు లెక్క ఎట్ల తీస్తరన్నది మాత్రం ఏ కోచింగ్‌ల జెప్పరు.

ఆ లెక్కతోనే చరిత్ర తిరగవడ్డ ముచ్చట ఒకటున్నది. నియాండర్తల్ మనుషులు యూరప్, పశ్చిమాసియాల ఉండెటోళ్లు. మనకు దాయాదులే. ఆఫ్రికా బయటోళ్లందరి ఒంట్ల ఒకటి రెండు శాతం వాళ్ల డీఎన్ఏ ఉన్నది, మన ఒంట్ల గూడ. జిబ్రాల్టర్‌ల గోర్హమ్స్ గుహ పొయ్యి బొగ్గు చూసి, 28 వేల ఏండ్ల కిందిదాక వాళ్లు బతికిండ్రని 2006ల ఫిన్లేసన్ బృందం జెప్పింది. 2014ల హైయమ్ బృందం స్పెయిన్ నుంచి రష్యా దాక 40 తావుల నమూనాలు మళ్ల పరీక్షజేస్తె, సుమారు 40 వేల ఏండ్ల కిందట్నే వాళ్ల జాడ ఆగిపోయిందని తేలింది. జిబ్రాల్టర్ బొగ్గు పంచాది ఇంక తెగలే.

ఎందుకు గింత తేడా? జీవి చచ్చినంక అండ్ల రేడియో కార్బన్ 5,730 ఏండ్లకు సగమైతది, మళ్ల అన్నేండ్లకు అండ్ల సగం. 50 వేల ఏండ్లకు నాలుగొందల వంతులల్ల ఒక వంతే మిగుల్తది. అసొంటి బొక్కకు మట్టిల నుంచి ఒక్క శాతం కొత్త కార్బన్ అంటినా, వయసు 40 వేల లోపే చూపిస్తది. అందుకే ఇప్పుడు బొక్కల కొల్లాజెన్ తీసి, సన్నగ వడగట్టి, గప్పుడు కొలుస్తరు.

మన దిక్కు బేతంచెర్ల కాడి బిల్లసర్గం గుహలను 1884ల బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వుడు షురూ జేసిండ్రు. ఇంక పెద్ద ముచ్చట బనగానపల్లె దిక్కు జ్వాలాపురంల ఉన్నది. 74 వేల ఏండ్ల కింద సుమత్రాల టోబా అగ్నిపర్వతం పేలితె, ఆ బూడిద ఈడిదాక వచ్చి పొరగ పడ్డది. గంత పాతదానికి కార్బన్ లెక్క అందనే అందది. గాని ఆ పొరే గడియారం. దాని కింద రాతి పనిముట్లున్నయ్, పైన గూడ అసొంటియే ఉన్నయని పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ బృందం 2007ల రాసింది. అంటె ఆ ఆపద దాటి ఎవరో బతికిండ్రు. మనసొంటోళ్లా, వేరే జాతోళ్లా? మనిషి బొక్క దొరకలే, అందుకే కొట్లాట.

ఆ బూడిదనే తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకున్నరు! పొర పోతె పైదేదో, కిందిదేదో ఎవరు జెప్తరు? ఆ దిక్కు సోపతులెవరన్న ఉంటె, బూడిద కాడ రాతి పలుగులు కనవడితె జేబుల ఏస్కోకుండ్రి. ఉన్నకాడ్నే ఫొటో దీసి పురావస్తు శాఖకు పంపుండ్రి.