వార్తల్లో పదం: డస్క్‌బ్లడ్స్

డస్క్ అంటే మునిమాపు, బ్లడ్ అంటే నెత్తురు. ఈ రెంటినీ కలిపి పేరు పెట్టుకున్న వీడియో గేమ్ ‘ది డస్క్‌బ్లడ్స్’. జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ నింటెండో స్విచ్ 2 కోసం దీన్ని తయారుచేస్తోంది. 2025 ఏప్రిల్‌లో తొలిసారి ప్రకటించారు. విడుదలకు 2026ను లక్ష్యంగా పెట్టుకున్నారు. ‘బ్లడ్‌బోర్న్’, ‘ఎల్డెన్ రింగ్’లను తీర్చిదిద్దిన హిదెటాకా మియజాకీయే దీనికీ దర్శకుడు.

ఇందులో ఆటగాళ్లు ‘బ్లడ్‌స్వోర్న్’ అనే పాత్రలు. ప్రత్యేక రక్తం వల్ల మనిషిని మించిన శక్తి వచ్చిన వాళ్లు. ‘ఫస్ట్ బ్లడ్’ అనేదాన్ని దక్కించుకోవడానికి వీళ్ల మధ్యే పోరు. ఆన్‌లైన్‌లో ఒకేసారి ఎనిమిది మంది దాకా ఆడవచ్చు. తోటి ఆటగాళ్లతోనూ, కంప్యూటర్ నడిపే శత్రువులతోనూ తలపడాలి. ఈ పద్ధతినే పీవీపీవీఈ అంటారు. పెద్ద శత్రువు ఎదురైతే ప్రత్యర్థులే చేతులు కలపవచ్చు.

ఆటకు నేపథ్యం ‘గోతిక్’ వాతావరణం... అంటే చీకటి కోటలు, పాత చర్చిలు, వెంటాడే భయం. ఇది ఇంగ్లిష్ సాహిత్యంలో 1764 నాటి ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవలతో మొదలైంది. 1897లో బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ ఆ సాహిత్యంలోని రక్తపిపాసిని లోకమంతటికీ పరిచయం చేసింది.