ఏ సీసా పని దానిదే

మన పొన్నూరు పెద్దలకు గోలీ సోడా గుర్తే. గ్యాసు పోకుండా గోలీయే మూతయ్యే ఆ సీసాకు ఇంగ్లండులో 1872లో హైరమ్ కాడ్ పేటెంటు పొందారు.

ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి సుమారు 1500 డిగ్రీల వేడిలో కరిగిస్తే మామూలు గాజు వస్తుంది. ఇంజెక్షన్ సీసాలకు ఎక్కువగా బోరాన్ కలిపిన గాజు వాడతారు. అది వేడికి తట్టుకుంటుంది, మందును పాడుచేయదు. గోధుమరంగు సీసా మందును వెలుతురు నుండి కాపాడుతుంది. అందుకే సిరప్పును వేరే సీసాలోకి మార్చవద్దని మనవి చేస్తున్నాము.

కూల్‌డ్రింకు సీసాలో కిరసనాయిలు, పురుగుమందు అసలే పోయకండి. పిల్లలు దాహంతో తాగేస్తారు. అలా జరిగితే వాంతి చేయించకండి. ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.