దినమున కొక మాత్ర, దినమున కొక రూపాయి

ఏప్రిల్ 15వ తేదీ వచ్చినదనగా నెల్లూరు తీరమున మరపడవలన్నియు ఒడ్డునకు చేరును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే జూన్ 14 వరకు, అనగా 61 దినములు, తూర్పు తీరమంతటను వాని వేటకు నిషేధము. మైపాడునందైనను జువ్వలదిన్నెయందైనను ఆ రెండు మాసములును వలలు బాగుచేసికొనుటయు, అప్పులు లెక్కించుకొనుటయు తప్ప వేరు పని యుండదు.

అట్టి యింట పుట్టుకతోనే హెచ్.ఐ.వి. సోకిన పదునాలుగేండ్ల బాలు డొకడున్నాడని తలంపుడు. వేట ఆగినను వాని మందు ఆగరాదు. దినమున కొక్క మాత్రయే. కాని ఆ యొక్కటి తరచుగ తప్పినచో వైరస్ మరల విజృంభించును. పిదప ఆ మందునకే లొంగకపోవచ్చును.

మనదేశమున ఈ వ్యాధి జాడ మొదట 1986లో మదరాసున కనబడినది. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము మందులను ఉచితముగ నిచ్చుట కారంభించినది. తొలి రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. 2006లో పిల్లలకు ప్రత్యేక చికిత్సయు మొదలైనది. నాడు బ్రదుకరనుకొన్న పసివారు నేడు మీసములు మొలచు వయస్సునకు వచ్చిరి, యువకులైరి. ఇది చిన్న విజయము కాదు.

అయితే మందు ఉచితమే గాని దారి ఉచితము కాదు. పట్టణమునకు బస్సు ఖర్చు, తల్లికి ఆనాటి కూలి నష్టము, కడుపునిండ తిండి, ఇవి మాత్రతో పాటు రావు. పైగా అది కౌమారము. ‘నాకే ఏల ఈ మాత్ర?’ యను రోషము, స్నేహితులు చూతురేమో యను భయము, రేపటిపై నమ్మకము లేమి యొక్కటై మందు సీసాను మూల పెట్టించును.

ఆఫ్రికాలోని ఉగాండా దేశమున మసాకా ప్రాంతమున ‘సూబి’ యను ప్రయత్నము జరిగినది. ఆ మాటకు వారి భాషలో ‘ఆశ’ యని యర్థము. 39 వైద్యశాలలలో చికిత్స పొందుచున్న 10 మొదలు 16 ఏండ్ల పిల్లలలో కొందరికి బ్యాంకు ఖాతాలు తెరచి, వారు కూడబెట్టిన దానికి సమముగ సొమ్ము జతచేసిరి. అది చదువునకో, చిన్న వ్యాపారమునకో. రెండేండ్లు గడచునప్పటికి ఆ పిల్లల రక్తమున వైరస్ అణగియుండుట మెరుగుగ కనబడినది. రేపు తనదని నమ్మినవాడు నేటి మాత్రను మరువడు కాబోలు!

ఈ రహస్యము నెల్లూరువారికి క్రొత్త కాదు. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. సారాకు పోవు డబ్బు మిగిలిన పిమ్మట దినమున కొక రూపాయి చొప్పున దాచుకొని ‘పొదుపులక్ష్మి’ని నిలిపిరి. కాని ఆ పొదుపు తల్లులది. తల్లి పోయి అవ్వ చేతిలో పెరుగు పిల్లవాని కందు చోటేది?

చట్టమున చోటున్నది. 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చిన శాసనము వీరిని బడినుండి గాని, పనినుండి గాని వెలివేయరాదనుచున్నది. 12 ఏండ్లు నిండి, వివేకము గల అన్నయో అక్కయో తమ్ముల, చెల్లెండ్ర బ్యాంకు ఖాతాను నడపుటకు సంరక్షకులు కావచ్చును. చికిత్స పొందుచున్నవారి పింఛను 2024 జూలై నుండి నెలకు 4000 రూపాయలు.

ఒక్క జాగ్రత్త వలయును. చిన్న పాలెమున వ్యాధి పేర పొదుపు సంఘము పెట్టుట దండోరా వేయుటయే. కావున ఊరిలోని యువజనులందరికిని ఒకే పొదుపు ఏర్పరచి, అందులో వీరికి చేయూత యెక్కువ చేయుట మేలు. మందు సక్రమముగ వాడి వైరస్ పరీక్షకు కనబడనంతగా అణగినవారినుండి దాంపత్యమున వ్యాధి సోకదని శాస్త్రము నిర్ణయించినది. అనగా ఆ బాలునికిని రేపు ఇల్లు, ఆలు, బిడ్డలు కలుగవచ్చును.

జూన్ 15న పడవలు మరల కడలి కేగును. నాటివరకు ఆ యింట మాత్ర తప్పకుండుటకు బస్సు ఖర్చు చాలును. అంతటి సొమ్ము వాని పేర దాచియుంచ లేమా?