కుడితిబాన

పడమటికనుమలు నైరృతి మేఘముల నడ్డగించుటచేతను, తూర్పుసముద్రము దూరమగుటచేతను మన అనంతపురసీమలో సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వానయే కురియును. ఈ కొఱతయే మన అత్తలకు, అవ్వలకు గృహనిర్వహణము నేర్పిన గురువు. వారి యింట బిందెడు నీరు రెండు మూడు పనులు చేసినగాని వాకిలి దాటెడిది కాదు. బియ్యము కడిగిన నీరు, వార్చిన గంజి, కూరల తొక్కలు కుడితిబానలో చేరును. గుప్పెడు తవుడు, కొంచెము వేరుసెనగచెక్క కలిపినచో ఆవు తృప్తిగా త్రాగును. స్నానపునీరు జలదారినుండి అరటిపిలకకు, కరివేపచెట్టునకు పాఱును.

ఇప్పుడు పెక్కిండ్లకు కొళాయిలు వచ్చినవి. మైళ్లకొలది బిందెలు మోసిన నడుములకు అది గొప్ప విశ్రాంతి. పాతకాలమే మేలని మేమనము. కాని కుడితిబాన యున్న యిల్లు నాగరకము కాదని చిన్నబుచ్చుకొనువారిని మేమెఱుగుదుము. వందలాది అడుగులు త్రవ్విన బోరుబావులే యెండిపోవు సీమలో గంజిని మురుగుకాలువ పాలు చేయుట యేమి నాగరకమో!

ఇంతకంటె ఘోరము మఱియొకటి కలదు. మిగిలిన అన్నమును, తొక్కలను ప్లాస్టిక్కు సంచిలో మూటగట్టి వీథిలో పాఱవేయుచున్నారు. ఆవు ముడి విప్పలేదు, సంచితో మ్రింగును. అది అరుగదు, పేడలో పోదు. పొట్టలో ముద్దకట్టి మేతకు చోటులేకుండ జేయును. నిండుకడుపుతో పశువు చిక్కి చచ్చును. ప్లాస్టిక్కు పళ్లెములను, గ్లాసులను, చెంచాలను కేంద్రప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. ఐనను శుభకార్యములలో మోదుగాకు విస్తళ్లే కావలెనని పట్టుబట్టవలసినది ఇల్లాలే గదా.

బుక్కరాయసముద్రపు చెఱువుకట్ట నిలుచుటకై ప్రాణమొసగిన ముసలమ్మ కథ కట్టమంచి రామలింగారెడ్డిగారి "ముసలమ్మ మరణము" వలన చదువరులకు తెలిసినదే. మన ప్రాణము నెవ్వరు నడుగుటలేదు. అడుగుచున్నది కుడితియే.

దానికిని కొన్ని జాగ్రత్తలు కలవు. సబ్బునీరు బానలో పడరాదు. ఉప్పు, కారము హెచ్చుగానున్న పులుసులు పోయరాదు. అన్నము మితిమీఱిన పశువునకు అజీర్ణము చేసి ప్రాణముమీదికి వచ్చును. పెండ్లియింట మిగిలిన అన్నమంతయు ఒక్క ఆవుముందు కుమ్మరించుట పుణ్యము కాదు. బానను ప్రతిదినము కడుగవలెను, లేనిచో పులిసి పురుగుపట్టును.

పశువులేనివారు మూతగల బిందె యొకటి పెరటిగుమ్మమున నుంచిన చాలును. మా వీథిలో పాలమ్ము అవ్వ సాయంకాలమున వచ్చి నాలుగిండ్ల కుడితి కొనిపోవును. పండుగనాడు చెంబెడు మజ్జిగ తెచ్చి యిచ్చును, వలదన్నను వినదు.