నాచులలో జాతిభేదము

బీజాపూరు నుండి భోపాలపట్నము పోవు త్రోవలో నున్న మద్దేడు వంటి బస్తరు గ్రామములందు, వానలు పట్టినంతనే బావిగట్లను, పాతగోడలను, చెట్టుమొదళ్ళను కప్పు పచ్చదనమును జనులు నాచు అనియో పాచి అనియో పిలిచి, కాలు జారకుండ చూచుకొని సాగిపోవుదురు. అందులో మాస్ అను వేళ్ళు లేని చిరుమొక్కల జాతులు ఒకదాని ప్రక్క నొకటి యిమిడి పెరుగుచుండును. అట్టి జాతులు లోకమున సుమారు 12,000 కలవు.

వీనిని వేరుపరచుటకు ఆకు చూచినచో చాలదా యందురేమో! తరచుగ ఒకే కణము మందము గల ఆ పత్రము తడిలో ఒక రూపమును, ఎండలో మరియొక రూపమును దాల్చును. మన గోడలపై విరివిగ పెరుగు హయోఫిలా ఆకులు ఎండినప్పుడు లోనికి చుట్టుకొని, నీరు తగిలినంతనే విప్పారును. కావున ఈనె ఆకుకొనను దాటినదా, కణములపై బుడిపెలున్నవా, అంచుకణములు సాగియున్నవా అని సూక్ష్మదర్శినిలో పరికింపవలెను. అంతకంటె దృఢమైన గుర్తు, సిద్ధబీజములు నిండిన గుళిక నోటి చుట్టునుండు దంతములు. పెక్కింటికి ఇవి పదునారు. తేమనుబట్టి ముడుచుచు విచ్చుచు సిద్ధబీజములను వెదజల్లును. వీని ప్రాముఖ్యమును చాటిన హెడ్విగ్ పండితుడు 1799లో గతించెను; 1801లో వెలువడిన ఆయన గ్రంథమే చాలవరకు మాస్ నామకరణమునకు ప్రారంభము. కాని హయోఫిలాకు దంతములే లేవు. కొన్ని జాతులకు గుళికలే అరుదు!

అట్టిచోట డీఎన్ఏ అక్కరకు వచ్చును. హరితరేణువులోని జన్యుభాగములను, కేంద్రకములోని కొన్ని భాగములను చదివి, తెలిసిన జాతుల వరుసలతో పోల్చుదురు. మన గోడలమీద వెండివలె మెరయు బ్రయమ్ అర్జెంటియమ్ అంటార్కిటికాలోను బ్రతుకుచుండగా, తావును బట్టి పేరు పెట్టుట యెట్లు? అచటి మన దేశపు పరిశోధన కేంద్రమైన భారతి చెంత 2017లో పంజాబు కేంద్రీయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు సేకరించిన మాస్, రూపలక్షణములను, డీఎన్ఏను పోల్చిన పిదపనే 2021లో నూతనజాతిగా ప్రకటింపబడి, బ్రయమ్ భారతియెన్సిస్ అను పేరు పొందెను.

అయినను డీఎన్ఏ పోలిక తెల్పునది సామ్యమే గాని నామము కాదు. పోల్చదగిన నమూనాకు మునుపే తప్పు పేరు పెట్టియున్నచో, ఫలితమును ఆ తప్పునే మోయును. అందుచేత డీఎన్ఏ తీసిన మొక్కనే కాగితపు పొట్లములో ఎండబెట్టి, దొరికిన తావు, తేదీ వ్రాసి దాచుదురు. ఏండ్ల పిమ్మటనైనను నీటిలో నానబెట్టినచో దాని ఆకులు విచ్చుకొనును. సందేహము గలవారు మరల సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచుకొనవచ్చును.